బియ్యం సంచి మీద లావు జామెట్రిక్ అక్షరాలు: ఇంగ్లీషుకు కుదిరిన పొందిక తెలుగుకు ఎలా తేవాలి?

రామచంద్రపురం డి.టి.పి. అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను రామచంద్రపురంలో పద్నాలుగేళ్లుగా డి.టి.పి. దుకాణం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు నిత్యం చేసే పనే గాని, బియ్యం సంచి పని నా చేతికి రావడం ఇదే మొదలు. మా దగ్గరి మిల్లు యజమాని ఒకరు 25 కిలోల సంచికి కొత్త ముద్ర కావాలని వచ్చారు. ఆయన కోరినది ఒక్కటే: కిరాణా కొట్టులో సంచులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నప్పుడు గుమ్మంలో నిలబడిన మనిషికి పేరు కనిపించాలి. లతలు, పూలు, బంగారు అంచులు తనకు అక్కరలేదన్నారు.

సంచి మీద పెద్దగా ‘తొలి పంట’ అని, దాని కింద ‘స్వర్ణ’ అని, ఆ కింద ‘గోదావరి డెల్టా ధాన్యం’ అని తెలుగులో ఉండాలి; పక్కన ఆ స్వర్ణ రకానికే మారుటేరు వరి పరిశోధన కేంద్రం వారు పెట్టిన పేరు ‘ఎం.టి.యు. 7029’ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి. ఇంగ్లీషుకు నేను ఫ్యూచురా అనే ఫాంటులో లావు రకం, అంటే ఫ్యూచురా బోల్డ్, ఎంచుకున్నాను. గీతలన్నీ ఒకే మందంతో, గుండ్రనివి గుండ్రంగా, నిలువువి నిలువుగా, కొసల్లో ఏ వంకరా లేకుండా ఉండే ఆ అక్షరాలు చిన్న పేరును కూడా గోడకు దిగ్గొట్టిన మేకులా నిలబెట్టాయి. యజమానికి బాగా నచ్చింది.

చిక్కంతా తెలుగుతోనే వచ్చింది. నా దగ్గరున్న ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో అన్నిటికంటే లావైనది తీసుకుని, అది కూడా ఫ్యూచురా పక్కన సన్నగా కనిపించడంతో, బొమ్మలు గీసే కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల చుట్టూ అదే రంగు గీత చేర్చి ఇంకా లావు చేశాను. తెర మీద బాగానే ఉంది. నమూనాగా నాలుగు సంచుల మీద వేయించి మిల్లుకు తీసుకెళితే, యజమాని తల్లిగారు అరుగు మీద కూర్చుని పైకి ‘తొలి వంట’ అని చదివారు. దగ్గరికి తెచ్చి చూస్తే ‘ప’ తలకట్టు కింది భాగంతో కలిసిపోయి నిజంగానే ‘వ’లా ఉంది. ‘ధాన్యం’లో ‘ధ’ కింది చీలిక పూడుకుపోయి ‘ద’ అయింది. ‘స్వర్ణ’లో రెండు వత్తులూ ముద్ద కట్టాయి. ఆ పెద్దావిడ తప్పేమీ లేదు, నేను చేసిన అక్షరమే అలా ఉంది.

ఇలాంటి లావు జామెట్రిక్ అక్షరానికి అసలు గుణమేమిటో, తెలుగులో దానికి సాటి వచ్చేదేదైనా ఉందో, ఉంటే సంచి మీద ఎంతవరకు వాడవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

కాకినాడ అక్షరాల పని ఇచ్చిన జవాబు

నమస్కారమండీ. మీరు చెప్పిన మూడు తప్పులకూ మూలం ఒక్కటే, ఉన్న అక్షరానికి చుట్టూ గీత చేర్చి లావు చేయడం. అలా చేర్చినప్పుడు అక్షరం బయటికి ఎంత పెరుగుతుందో లోపలికీ అంతే పెరుగుతుంది. బయట జాగా ఉంది గనుక మనకు తెలియదు, లోపలి ఖాళీ మాత్రం పూడిపోతుంది. లావు అక్షరంలో కన్ను చదివేది నల్లని గీతను కాదు, ఆ గీతల మధ్య మిగిలిన తెల్లని ఖాళీని. ఈ మాట ఇంగ్లీషుకూ వర్తిస్తుంది, కాకపోతే ఫ్యూచురా గీసినవారు ఆ జాగ్రత్త ముందే తీసుకున్నారు, అందుకే మీకు అక్కడ ఇబ్బంది ఎదురుకాలేదు.

ఫ్యూచురాను జర్మనీకి చెందిన పాల్ రెన్నర్ రూపొందించగా, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బౌయర్ టైప్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. వృత్తం, త్రిభుజం, చతురస్రం ఆధారంగా పుట్టిన అక్షరమని అందరూ పరిచయం చేస్తారు గాని, వృత్తలేఖిని పెట్టి గీసేసినదని అనుకుంటే పొరపాటే. మీ దగ్గర బోల్డ్ ఉంది గనుక ‘ఓ’ను తెర నిండా పెద్దది చేసి కొలవండి. పక్కల ఉన్న మందం కంటే నెత్తినా అడుగునా మందం కొంచెం తక్కువగా ఉంటుంది. అడ్డగీత, నిలువుగీత కొలతలో సమానంగా ఉంటే అడ్డగీతే మన కంటికి లావుగా తోస్తుంది గనుక, కంటికి సమానంగా కనిపించడం కోసం కొలతలో తేడా పెట్టారు. అలాగే ‘బి’, ‘డి’ వంటి చిన్నక్షరాల్లో గుండ్రని భాగం నిలువుగీతను కలిసే చోట గీత సన్నబడుతుంది, లేకపోతే ఆ మూల నల్లని మచ్చలా కనిపిస్తుంది. సన్నని ఫ్యూచురాలో ‘ఏ’, ‘ఎం’ శిఖరాలు సూదిమొనల్లా ఉంటాయి. బోల్డ్‌లో వాటిని మొద్దుగా కోశారు. పెద్దక్షరాల వెడల్పులు కూడా పాత రోమన్ శిలాశాసనాల పాళ్లలోనే ఉంటాయి, అంటే ‘ఓ’ విశాలంగాను, ‘ఈ’, ‘ఎఫ్’, ‘ఎల్’ ఇరుకుగాను ఉంటాయి. జామెట్రీ పైకి కనిపిస్తుంది, లోపల పని చేసేది కన్ను.

ఈ అక్షరం ఎక్కడ బాగుంటుందంటే, మాటలు కొద్దిగా ఉండి, పెద్దగా ఉండి, చుట్టూ జాగా ఉన్న చోట. 1969లో అపోలో 11 చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీద ఉన్నవి ఫ్యూచురా పెద్దక్షరాలే. నాలుగు పంక్తుల మాట అది. అదే అక్షరంతో నలభై పంక్తులు కూర్చితే చదవలేం. చిన్నక్షరం ‘ఏ’ ఒట్టి గుండ్రం పక్కన నిలువుగీత మాత్రమే గనుక ‘ఓ’కు మరీ దగ్గరగా ఉంటుంది, చిన్న ‘ఎల్’, పెద్ద ‘ఐ’ రెండూ ఒట్టి నిలువుగీతలే. దూరాన ఒక పేరుగా గుర్తుపట్టేటప్పుడు ఈ పోలిక ఇబ్బంది కాదు, దగ్గరగా వరుసగా చదివేటప్పుడు కన్ను తడబడుతుంది.

ఇక తెలుగు సంగతి. మన లిపికి ఒకే మందం గల గీత పరాయిదేమీ కాదు. తాటాకు మీద గంటంతో గీసిన గీతలో లావు, సన్నం తేడా రానే రాదు; కలం, కుంచె, అచ్చు వచ్చాకే ఆ తేడా బలపడింది. గుండ్రదనం సరేసరి, అది మన సొత్తే. అందువల్ల జామెట్రిక్ అక్షరం తెలుగుకు ఇంగ్లీషు కంటే సులువుగా రావాలని మొదట నేనూ అనుకున్నాను. గీసి చూశాకే తెలిసింది, అక్కడే అసలు కష్టమని. ఇంగ్లీషులో గుండ్రని ‘ఓ’ పక్కన నిటారు ‘టి’, గడుల ‘ఈ’, ఏటవాలు ‘ఎం’ ఉంటాయి గనుక గుండ్రం గుండ్రంగా తెలుస్తుంది. మనకు దాదాపు అన్నీ గుండ్రాలే. ఒక అక్షరాన్ని ఇంకొకదాని నుంచి వేరు చేసేది చిన్న చీలిక, చుక్క, తలకట్టు అంటుకుందా విడిగా ఉందా అన్న తేడా. అన్నిటినీ ఒకే వృత్తంలోకి నెట్టి లావు చేస్తే ముందుగా పోయేవి అవే. ‘ప’కూ ‘వ’కూ ఉన్న తేడా తలకట్టు కింద వెంట్రుక వాసి ఖాళీయే కదా.

కాబట్టి తెలుగును ఫ్యూచురా గీత మందానికి సరిపెట్టవద్దు. రెండూ పక్కపక్కన పెట్టి కళ్లు సగం మూసి చూడండి. రెండు మాటలూ ఒకే నలుపుగా కనిపించే చోట ఆగండి. అప్పుడు కొలిస్తే తెలుగు గీత ఇంగ్లీషు గీత కంటే సన్నగానే ఉంటుంది, అది సబబే. ఫాంట్ల విషయానికి వస్తే, పాపిన్స్ అనే జామెట్రిక్ అక్షరాన్ని ఇండియన్ టైప్ ఫౌండ్రీ 2014లో దేవనాగరితో కలిపి చేసింది గాని అందులో తెలుగు లేదు. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో ‘రామభద్ర’ అనేది శీర్షికల కోసమే చేసిన లావు అక్షరం. ఎక్ టైప్ వారి బాలూ తమ్ముడు ఇంకా నిండుగా, మెత్తగా ఉంటుంది. పిల్లల బిస్కట్లకు, మిఠాయిలకు చాలా బాగుంటుంది గాని ఫ్యూచురా పక్కన మరీ ఉబ్బినట్టు ఉంటుందని నా అభిప్రాయం. అదే సంస్థ చేసిన అనెక్ తెలుగులో సన్నం నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా మందాలు, ఇరుకు నుంచి విశాలం దాకా వెడల్పులు ఉన్నాయి గనుక మీరు కోరిన చోట ఆపుకోవచ్చు. మీ పనికి అదే నా ఎంపిక.

పాలకొల్లు కుంచె ఇచ్చిన జవాబు

బాబూ, నేను పాలకొల్లులో ముప్పై అయిదేళ్లు బోర్డులు, గోడలు, లాంచీల పేర్లు రాశాను. ఫాంట్ల పేర్లు నాకు తెలియవు. అయితే కాకినాడ వారు కొలిచి చెప్పినది నేను గోడ మీద నేర్చుకున్నాను గనుక చెబుతాను.

పని నేర్చుకుంటున్న రోజుల్లో కాలువ పక్కన ఒక రైస్ మిల్లు గోడ మీద నాలుగడుగుల ఎత్తున ఇంగ్లీషు అక్షరాలు రాయాల్సి వచ్చింది. పైన ఒక దారం, కింద ఒక దారం లాగి సుద్ద గీతలు కొట్టుకున్నాం. ‘ఓ’ కోసం నడుమ మేకు దిగ్గొట్టి, దారం కట్టి, రెండు గీతలనూ సరిగ్గా తాకేటట్టు చుట్టాను. వంక పెట్టడానికి వీలులేని గుండ్రం అది. ఎనామిల్ రంగు నింపి, కాలువ వంతెన దాటి అవతలి గట్టు మీద నుంచి చూస్తే, పక్కనున్న ‘ఆర్’ కంటే ‘ఓ’ చిన్నదిగా, పైగా నెత్తిన బరువు పెట్టినట్టుగా కనిపించింది. మా గురువుగారు ఏమీ అనలేదు. మళ్లీ మెట్ల నిచ్చెన ఎక్కి, పైగీత మీద బొటనవేలి మందం, కిందిగీత కింద బొటనవేలి మందం రంగు బయటికి జరిపారు; ఆ పైన లోపలి వైపు నుంచి సున్నంతో నెత్తిని, అడుగును కొద్దిగా తిన్నారు. తిరిగి గట్టు మీదికి వెళ్లేసరికి అక్షరాలన్నీ ఒక ఎత్తున నిలబడ్డాయి. గుండ్రని అక్షరం గీత దాటాలి, దాటితేనే గీత మీద ఉన్నట్టు కనిపిస్తుంది. తెలుగులో అన్నీ గుండ్రనివే గనుక మేము తెలుగు రాసేటప్పుడు సుద్ద గీతను గట్టుగా కాక దారి చూపేదానిగానే పెట్టుకునేవాళ్లం.

‘ప’ సంగతి కూడా చెబుతాను. ఏ కుంచెతో అక్షరం రాస్తున్నామో ఆ కుంచెలో సగం వెడల్పు ఖాళీ తలకట్టు కింద వదలాలని మాకు నేర్పారు. ‘ప’, ‘స’, ‘హ’, ‘ష’, ‘ఘ’ అన్నిటికీ అదే లెక్క. లావు రాసేకొద్దీ ఆ ఖాళీ కూడా పెరగాలి, లేకపోతే మీకు జరిగినట్టే జరుగుతుంది. ‘థ’లో చుక్కను పుల్లతో పెట్టినట్టు కాక గింజంత పెట్టేవాళ్లం. ‘ధ’ కింది చీలికను పొట్టలోకి బాగా లోపలిదాకా తీసుకెళ్లేవాళ్లం. చిన్న కాగితం మీద చూస్తే ఇవి అతిగా ఉంటాయి, గోడ మీద చూస్తే సరిగ్గా ఉంటాయి.

మన వానలకు గోడ నాచు పట్టి నల్లబడుతుంది. సన్న గీతలు, నీడలు, రెండు రంగుల అంచులు పెట్టి రాసిన పేర్లు రెండు మూడు వానాకాలాలకే చెదిరిపోయేవి. ఆ మిల్లు గోడ మీది లావు అక్షరాలు మాత్రం రంగు సగం రాలిపోయాక కూడా బస్సులో వెళ్లేవాళ్లు చదువుకున్నారు. ఆ అక్షరాల మీద నాకు అందుకే గౌరవం.

అయితే సంచి అంతా అదే అక్షరంతో నింపవద్దని నా మాట. మన నరసాపురంలో పుట్టిన బాపుగారి రాత చూడండి, ప్రతి అక్షరం చేతి విసురుతో ఊగుతుంది, పెళ్లి కార్డుకు అంతకంటే అందమైనది లేదు. కానీ ఆ ఊపు బియ్యం సంచి పేరుకు పెడితే నిలబడదు. అలాగే సంచి పేరుకు పనికివచ్చిన ఈ దిట్టమైన అక్షరం కింద రాసే చిరునామాకు పెడితే పెద్ద గొంతుతో రహస్యం చెప్పినట్టు ఉంటుంది. పేరుకు పెట్టండి, రకానికి పెట్టండి, అక్కడితో చాలించండి.

రాజమహేంద్రవరం సంచుల అచ్చు ఇచ్చిన జవాబు

పై ఇద్దరూ చెప్పినది అక్షరం వైపు నుంచి. నేను సంచి వైపు నుంచి చెబుతాను. మామూలు బియ్యం సంచి రెండు మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పట్టీలతో నేసినది. పట్టీకీ పట్టీకీ మధ్య సన్నని గాడి ఉంటుంది. సన్న గీత ఆ గాడిలో పడితే తెగిపోతుంది. కొస అలంకారాలు ఉన్న అక్షరమైతే ఆ కొసలు ఒక సంచి మీద పడతాయి, ఇంకో సంచి మీద పడవు. లావుగా, ఒకే మందంగా, కొసలు మొద్దుగా ఉండే అక్షరం ఎన్ని పట్టీలు దాటినా అక్షరంగానే ఉంటుంది. మిల్లుల వారు ఈ రకం అక్షరం అడగడానికి అందం ఒక్కటే కారణం కాదు.

ఫ్లెక్సో అచ్చులో ప్లేటు మెత్తనిది. సంచి మీద ఒత్తినప్పుడు అక్షరం అంచు నుంచి సిరా బయటికి పాకుతుంది. తెర మీద కనిపించిన ఖాళీ సంచి మీద అంత మిగలదు. మీ ‘ప’ విషయంలో చుట్టూ చేర్చిన గీత కొంత తింటే, మిగిలినది సిరా తినేసింది. నేను నా దగ్గరికి వచ్చేవారికి చెప్పేది, నేత సంచి మీద వేసే అక్షరంలో ఏ ఖాళీ అయినా ఒక పట్టీ వెడల్పు కంటే తక్కువ ఉండకూడదని. పెద్ద పేరులో ‘ప’ తలకట్టు కింద, ‘ధ’ చీలికలో, వత్తుకూ పై అక్షరానికీ మధ్య, ఈ మూడు చోట్లా స్కేలు పెట్టి చూసుకోండి. ముదురు రంగు నేపథ్యం మీద తెల్ల అక్షరం వదిలే ఆలోచన ఉంటే అప్పుడు లెక్క తిరగబడుతుంది. సిరా అక్షరంలోకి పాకి గీతనే సన్నబరుస్తుంది గనుక అక్కడ ఇంకొంచెం లావు అక్షరం కావాలి. పైన ఫిల్మ్ అంటించిన బి.ఓ.పి.పి. సంచి అయితే ఈ బాధలు చాలావరకు ఉండవు. దాని మీద ఫోటో కూడా చక్కగా వస్తుంది, ధర మాత్రం పెరుగుతుంది.

నికర బరువు, ప్యాకింగ్ నెల, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుల కోసం ఫోను నంబరు వంటివి చట్టం అడిగేవి, కొనేవారు దగ్గరగా చదివేవి. వాటికి నోటో శాన్స్ తెలుగు వంటి ఫాంటును మామూలు మందంలో పెట్టండి. ఫ్యూచురా అంకెలు పెద్దగా ఉన్నప్పుడు చాలా అందంగా ఉంటాయి, ‘7029’లో సున్న ‘ఓ’ కంటే ఇరుకు గనుక రెండూ కలవవు. కానీ ఫోను నంబరంత చిన్నగా బోల్డ్‌లో నేత సంచి మీద వేస్తే 6, 8, 9 మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి.

రామచంద్రపురం డి.టి.పి.

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి దుకాణం మూశాక కూర్చుని మళ్లీ చేశాను. అనెక్ తెలుగు ఎక్స్‌ట్రా బోల్డ్‌తో మొదలుపెట్టి, కళ్లు సగం మూసి చూస్తూ బోల్డ్‌కు దిగాను. కాకినాడ వారు అన్నట్టు అక్కడే రెండు భాషలూ ఒకే నలుపుగా వచ్చాయి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో యూనికోడ్ అక్షరాలు రానందున ఇలస్ట్రేటర్‌లో కూర్చాను. అక్కడ మొదట వత్తులు విడిపోయి పక్కన పడ్డాయి, మన లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ అమరిక ఎంచుకున్నాక సర్దుకున్నాయి. తర్వాత అక్షరాలను కర్వ్స్‌గా, అంటే చేత్తో సవరించగల గీతలుగా మార్చి, పాలకొల్లు వారు చెప్పినట్టు ‘ప’ తలకట్టును కొద్దిగా పైకి ఎత్తాను. కొలిస్తే ఖాళీ నాలుగు మిల్లీమీటర్లు ఉంది.

ఒక సందేహం మిగిలింది. ‘స్వర్ణ’లో ‘స’ కింద ‘వ’ వత్తు, ‘ర’ కింద ‘ణ’ వత్తు రెండూ కిందికి దిగడం వల్ల దాని కింది పంక్తికి జాగా చాలడం లేదు. వత్తులను చిన్నవి చేస్తే జాగా వస్తుంది గాని అవి సన్నగా, పై అక్షరానికి చెందనట్టుగా ఉన్నాయి. ఇంకొకటి, తెలుగును, ఇంగ్లీషును ఒకే ఎత్తులో పెడితే ఇంగ్లీషే పెద్దదిగా కనిపిస్తోంది.

కాకినాడ అక్షరాల పని

వత్తులను చిన్నవి చేయవద్దండీ. చిన్నవి చేస్తే వాటి గీత కూడా దామాషాలో సన్నబడుతుంది, అందుకే పరాయిగా కనిపిస్తున్నాయి. ఫాంట్ గీసినవారు వత్తు పరిమాణం తగ్గించినా గీత మందాన్ని పై అక్షరానికి దగ్గరగా నిలిపి ఉంటారు. ఆ పనిని సాగదీసి, కుదించి చెడగొట్టకూడదు. జాగా కావాలంటే కింది పంక్తిని దించండి, లేదా ‘స్వర్ణ’ మొత్తాన్ని కొద్దిగా తగ్గించండి. తెలుగు పంక్తికి కింద వత్తుల గది ఒకటి ఉంటుంది, దానికి అద్దె కట్టక తప్పదు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు అలాంటి గది లేదు, నేల మీద నిలబడిపోతాయి, అందుకే రెండు భాషలకూ ఒకే పంక్తి ఎడం పెట్టినప్పుడు తెలుగు ఇరుకవుతుంది.

ఎత్తు విషయంలో మీ కన్ను చెప్పినది నిజం. పెద్దక్షరాలన్నీ పైగీత దాకా నిండుగా ఉంటాయి. తెలుగు అక్షరం పొట్ట ఒక ఎత్తున, తలకట్టు ఇంకో ఎత్తున ఉండి కన్ను పొట్టనే కొలతగా తీసుకుంటుంది. ఇంగ్లీషును నూటికి ఎనభై అయిదు వంతులకు తగ్గించి చూడండి. ఇది నా అలవాటు మాత్రమే, సూత్రం కాదు. మీ మాటల్లో ఏ అక్షరాలున్నాయన్నదాన్ని బట్టి అటూ ఇటూ జరపాలి. తగ్గించాక ఫ్యూచురా గీత కూడా కొంచెం సన్నబడుతుంది గనుక తెలుగుతో ఇంకా బాగా కలుస్తుంది. అక్షరాల మధ్య ఎడం కూడా చూసుకోండి. లావు పెద్దక్షరాలు పక్కపక్కన ఉన్నప్పుడు ‘టి’ కింద మిగిలే ఖాళీ, ‘యు’ పక్కన ఉండే ఇరుకు సమానంగా కనిపించేదాకా చేత్తో సర్దాలి.

రామచంద్రపురం డి.టి.పి.

ఇంగ్లీషును ఎనభై మూడు వంతులకు తగ్గిస్తే సరిపోయింది. ‘స్వర్ణ’ను అలాగే ఉంచి, ‘గోదావరి డెల్టా ధాన్యం’ పంక్తిని అర అంగుళం కిందికి దించి మామూలు మందంలోకి మార్చాను, దానితో ‘ధ’ చీలిక గొడవ కూడా లేకుండా పోయింది. అసలు కొలతలో కాగితం మీద తీసి మిల్లు గోదాము తలుపుకు అంటించి, ఈ ఉదయం కాటా దగ్గర నుంచి యజమాని తల్లిగారి చేత మళ్లీ చదివించాను. ‘తొలి పంట’ అనే చదివారు. ‘స్వర్ణ’ కింద ‘ణ’ వత్తు తోక ఇప్పటికీ కింది పంక్తిలోని ‘డెల్టా’ ఎత్వానికి మరీ దగ్గరగా ఉందనిపిస్తోంది. ఆ పంక్తిని ఎడమకు జరిపి చూసి, కుదిరితే సోమవారం ప్లేటుకు ఇస్తాను.